నాగలింగం గారి మన్నన

పూర్ణమ్మ రాట్నం తిప్పుతోంది. వీధిలో ఎండ గడపదాకా రాకముందే పదమూడు కండెలకు నూలు చుట్టేసింది. పద్నాలుగోది సగం నిండేసరికి చట్రం మీద నూలు అయిపోయింది. తెగిందేమోనని పోగు కొస కోసం వెతికింది. తెగలేదు, అయిపోయిందంతే. గోడకు తగిలించిన నూలు సంచి దించి, తిరగేసి దులిపింది. చిలకపచ్చ పీచు రెండు మూడు నలుసులు నేల మీద పడ్డాయి.

మగ్గం మీద ఇంకా రెండు చీరల పడుగు ఉంది. నిలువు పోగులున్నాయి గాని అడ్డం నేయడానికి పేక లేదు. ఈ పదమూడున్నర కండెలూ అయ్యాక పడుగులో అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టడానికి ఏమీ ఉండదు. గంజి పట్టించిన పడుగు మగ్గం మీద ఊరికే పడి ఉంటే పెళుసెక్కుతుంది. ఆ తర్వాత వేలు తగిలినా తెగుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో పడుగు అలా పాడైంది లేదు.

కిటికీలో ఫోను టింగుమంది. కాస్త ఆగి మళ్ళీ టింగుమంది.

అది ఆమె మొగుడు నాగలింగం ఫోను. నాగలింగం పోయి నలభై రోజులైంది. బతికున్నన్నాళ్ళూ నెలకొకసారి కూడా మోగని ఆ ఫోను ఇప్పుడు రోజుకు వందసార్లకు తక్కువ కాకుండా మోగుతోంది.

నాగలింగం మాట్లాడితే పోగు తెగుతుందనుకునే రకం. పెళ్ళయిన కొత్తలో పూర్ణమ్మ ఆయనకు మాటలు రావేమోనని బెంగపడింది. కూర బాగుందా అని అడిగితే ఇంకో గరిటె పెట్టించుకునేవాడు, అదే జవాబు. ఆయన పోయిన సంగతి కూడా మాటతో తెలియలేదు. పక్కింటి చౌడమ్మ గోడ మీది నుంచి తల పెట్టి, "ఏంది వదినా, మీ మగ్గం ఆగింది?" అని అడిగింది. పూర్ణమ్మ వంటింట్లోంచి వచ్చి చూస్తే, మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పడుగు మీదికి ఒరిగి ఉన్నాడు. ఒక్క పోగు కూడా తెగలేదు.

అటువంటి మనిషి పొగడలపాడు చేనేత సంఘానికి ప్రెసిడెంటు అయ్యాడు. పోయిన తర్వాత అయ్యాడు. అదెలాగో చెప్పాలంటే ముందు కలబోత సంగతి చెప్పాలి.

రెండేళ్ళ కిందట జిల్లా నుంచి తనిఖీ బృందం ఒకటి వచ్చి సంఘం మినిట్స్ పుస్తకం చదివి కలవరపడింది. పదేళ్ళుగా ప్రతి సమావేశం కిందా ఒకటే వాక్యం ఉంది: "సభ్యులు వచ్చిరి, నూలు తీసుకొని పోయిరి." చీరలు అమ్ముడుపోతున్నాయి, సభ్యుల మధ్య తగాదాల్లేవు, ఎవరికీ ఎవరి మీదా ఫిర్యాదు లేదు. అంటే లోపల ఏదో ఘోరమైన నిశ్శబ్దం ఉందని బృందం తేల్చింది. దానికి మందుగా ఫోనుల్లో ఒక వేదిక పెట్టారు. పేరు కలబోత. సంఘంలో ఉన్న మూడొందల నలభై మందీ అందులో చేరాలి, మాట్లాడుకోవాలి. ఆఫీసు గోడ మీద "నూలు కావాలో వద్దో ఇక్కడ అడగవలెను" అన్న పాత అక్షరాలు కొట్టేసి "మౌనం సహకారానికి శత్రువు" అని రాయించారు.

మాట్లాడమంటే మనుషులు మాట్లాడరు కాబట్టి మార్కులు పెట్టారు. వాటికి మన్నన మార్కులని పేరు. ఎవరైనా ఏదైనా రాస్తే రాసినవాడికి ఒక మార్కు, ఎవరి గురించి రాస్తే వాళ్ళకు రెండు. ఎవరైనా బొటనవేలు కిందికి చూపిస్తే మూడు పోతాయి. వారం రోజులు నోరు విప్పనివాడికి పది కోత. నెలాఖరుకు పది మార్కుల్లేనివాణ్ణి నిద్రాణ సభ్యుడంటారు, వాడికి నూలు ఆపేస్తారు. నెల మొదటి తేదీన ఎవరికి ఎక్కువ మార్కులుంటే వాళ్ళే ప్రెసిడెంటు. ఎన్నికల గోల లేకుండా ప్రజాస్వామ్యం వచ్చిందని పైవాళ్ళు సంతోషించారు.

వీధిలో మగ్గాల చప్పుడు సగానికి తగ్గింది. పొద్దున్నే నాడె పట్టుకోవలసిన చేతులు ఫోను పట్టుకుని శుభోదయం చెప్పడంలో పడ్డాయి. "సభ్యులందరూ మంచినీళ్ళు తాగారా?" అని గుర్నాథం ఒకరోజు అడిగితే అరవై ఒక్కమంది తాగామని జవాబిచ్చారు. తాగలేదన్న ఒక్కడితో నలభైమంది తాగించారు. అలా రెండేళ్ళు గుర్నాథమే ప్రెసిడెంటు. ఆయన మగ్గం ఎప్పుడో పీకేశాడు. చేతులు ఖాళీగా ఉన్నవాడికి మాటలు దండిగా ఉంటాయి.

నాగలింగం కలబోతలో జన్మకో మాట రాశాడు. "నూలు ఎప్పుడిస్తారు?" దానికి ఎవరూ జవాబివ్వలేదు. జవాబిస్తే తేదీ చెప్పాలి, తేదీ తప్పితే బొటనవేళ్ళు కిందికి చూస్తాయి. ఆ ఒక్క మార్కూ వారం తిరగ్గానే కోతలో పోయింది. సున్నా దగ్గర నిలిచాడు. చాన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు గాని, ఆయన పోవడానికి నెల ముందు నిద్రాణ సభ్యుడని నూలు ఆపేశారు. ఆ మాట కూడా ఆయన ఇంట్లో చెప్పలేదు. ఉన్న నూలుతోనే రోజుకు జానెడు తగ్గించి నేశాడు.

పోయినరోజు వీధంతా పలకరింపుకు వచ్చింది. గడప పక్కన కూర్చుని, ఒక మాట అని, కాసేపు నేలకేసి చూసి, లేచి వెళ్ళిపోయారు. చావు జరిగిన ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని ఎవరూ చెప్పరు. అలాంటి పని మీద మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? చెప్పకుండా లేచిపోవడమే అక్కడ మర్యాద.

అదేరోజు గుర్నాథం కలబోతలో కబురు పెట్టాడు. పలకరింపులు అక్కడా మొదలయ్యాయి. "ఆత్మకు శాంతి కలగాలి" అని రాసి, కింద "మళ్ళీ వస్తాను" అనే మీట నొక్కితేగాని రాసింది లోపలికి పోదు. సభ్యుల రాకపోకలు పెరగాలని పైవాళ్ళు పెట్టిన మీట అది.

"ఇదేం చోద్యం వదినా," అంది చౌడమ్మ మూడోరోజు. "పోయినోడి ఇంటికి మళ్ళా వస్తా మళ్ళా వస్తా అని ఊరంతా మొక్కుకున్నట్టుందే."

"నువ్వు రాశావా?"

"రాయకపోతే నాకు నూలిస్తారా? నాకున్నయ్యే పన్నెండు మార్కులు. మూడుసార్లు రాశా."

సభ్యులకు నాగలింగం మీద రాయడంలో ఉన్న సుఖం తొందరగానే తెలిసింది. పప్పుచారు గురించి రాస్తే ఎవడో ఒకడు ఉప్పెక్కువంటాడు. వాన పడుతుందని రాస్తే పడదంటాడు. పోయినవాడి గురించి మంచిమాట రాస్తే ఎదురు చెప్పేవాడే లేడు, బొటనవేలు కిందికి చూపేవాడు అసలే లేడు. కోత భయం ఉన్న ప్రతివాడూ అక్కడికే పోయి ఒక శాంతి కోరుకుని వచ్చేవాడు. రాసినవాడికి ఒకటి, నాగలింగానికి రెండు. నెల మొదటి తేదీ వచ్చేసరికి గుర్నాథానికి ఆరువందల పన్నెండు, నాగలింగానికి పంతొమ్మిది వందల పద్నాలుగు.

పొద్దున్న తొమ్మిదింటికి కలబోతలో పూలదండ బొమ్మతో ప్రకటన వచ్చింది. నూతన అధ్యక్షులు శ్రీ నాగలింగం గారికి శుభాకాంక్షలు. అందరికంటే ముందు గుర్నాథమే అభినందించాడు. అభినందించకపోతే అతనికి కోత.

ఇదంతా జరిగి నాలుగు రోజులైంది. పద్నాలుగో కండె సగంలో ఆగినచోట పూర్ణమ్మ రాట్నం పక్కకు జరిపి, పంచాయతీ ఇచ్చిన మరణ పత్రం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, చంకలో నూలు సంచితో సంఘం ఆఫీసుకు వెళ్ళింది. ఆమెకు కావలసింది ఒక్కటే. సంఘంలో మొగుడి పేరు తీసి తన పేరు రాయాలి, తనకు నూలు ఇవ్వాలి. పుట్టింట్లో పదేళ్ళ వయసు నుంచీ నేసిన చేతులే అవి. పదకొండోరోజు అయ్యాక నాడె పట్టింది తనే.

కార్యదర్శి దశరథం గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. పూర్ణమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చారేమోనని.

"ప్రెసిడెంటు గారి సతీమణి నిలబడి ఉండగా నేను కూర్చోవడం సభామర్యాద కాదమ్మా," అన్నారు కార్యదర్శి.

ఆమె కవరు ఇచ్చింది. ఆయన అద్దాలు పెట్టుకుని చదివారు, వెనక్కి తిప్పి అవతల కూడా చూశారు.

"ఇది పంచాయతీ వారు ఇచ్చింది. పంచాయతీ పరిధిలో ఆయన మరణించినట్టు నేను ఒప్పుకుంటా. సంఘం పరిధి వేరు. ఇక్కడ సదరు సభ్యుల స్థితి ఏముందో చూద్దాం." కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పారు. నాగలింగం పేరు ఎదురుగా ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. "అత్యంత చురుకైన సభ్యులు. జిల్లాలోనే మొదటిస్థానం. ఇంత చురుగ్గా ఉన్న మనిషిని మరణించినట్టు ఎట్టా రాయమంటారు?"

"ఆయన పోయి నలభై రోజులయిందయ్యా. మీరూ పాడె పట్టారు గదా."

"పట్టాను. వ్యక్తిగత హోదాలో పట్టాను."

"మరి పేరు మారాలంటే ఎట్టా?"

"రెండు మార్గాలున్నాయి. పంతొమ్మిదో నిబంధన ప్రకారం సభ్యుడు తన స్థితిలో ఏ మార్పు వచ్చినా తనే స్వయంగా కలబోతలో తెలియజేయాలి. ఇతరులు చెబితే చెల్లదు. లేనిపోని పుకార్లు పుట్టించి ఒకరినొకరు తీసేసుకుంటారని పెట్టిన నిబంధన. లేదూ, ముప్పై రోజులపాటు ఆయన గాని, ఆయన గురించి ఇంకొకరు గాని ఏమీ రాయకపోతే యంత్రమే పేరు తొలగించుద్ది."

"ఈలోగా నూలైనా ఇప్పించండి. మగ్గం మీద పడుగుంది."

కార్యదర్శి నిజంగానే బాధపడ్డారు. "ప్రెసిడెంటు పదవిలో ఉన్న ఇంటికి నూలు ఇవ్వకూడదమ్మా. స్వప్రయోజనం అవుద్ది. గుర్నాథం గారు రెండేళ్ళు తీసుకున్నారా?"

గుర్నాథానికి మగ్గమే లేదని పూర్ణమ్మ అనలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకుంది.

ఆఫీసు వెనకాల గోడౌను. గోడౌను గుమాస్తా ఏకాంబరం ఆమెను చూడగానే గొంతు తగ్గించాడు.

"అత్తా, ఇట్టా రా. ప్రెసిడెంటు ప్రత్యేక అనుమతి అని నా ఫోన్లో ఒక మీటుంది. అది నేను నొక్కితే మామ ఫోనుకు నంబరొస్తది. ఆ నంబరు నాకు చెబితే నూలు ఇయ్యొచ్చు. ఎవురు చెప్పాలో మాత్రం రాయలా. నేను పగలంతా ఈడే ఉంటా, ఫోనట్టుకురా."

పూర్ణమ్మ మళ్ళీ కార్యదర్శి దగ్గరికి వెళ్ళి అడిగింది, అలా చేయవచ్చా అని. అడగకుండా చేస్తే పోయేదే. ఆమె తనది కాని మూరెడు పోగు కూడా ముట్టని మనిషి.

"అది ఫోర్జరీ అవుద్దమ్మా," అన్నారు కార్యదర్శి. "ఆ నంబరు ప్రెసిడెంటు గారి మనసులోని సమ్మతికి గుర్తు. ఆయన మనసు మీరెట్టా చదువుతారు?"

ముప్పై ఏళ్ళు చదివింది అదే. పూర్ణమ్మ ఖాళీ సంచి చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

సాయంత్రం వీధి కుళాయి దగ్గర చౌడమ్మ బిందె పక్కన పెట్టి పంచాయితీ తీర్చింది. "ఇనండే. ముప్పై రోజులు ఎవురూ నాగలింగం అన్న పేరెత్తబాకండి. మంచి గాని చెడు గాని వద్దు. మీ మొగుళ్ళక్కూడా చెప్పండి. పూర్ణ వదిన మగ్గం ఆగితే ఆ పాపం మన నోళ్ళదే." ఆడవాళ్ళందరూ ఒప్పుకున్నారు. మగవాళ్ళూ ఒప్పుకున్నారు. చెడ్డవాళ్ళు కారు ఎవరూ.

మూడు రోజులు కిటికీలో ఫోను మోగలేదు. పూర్ణమ్మ మూడు కండెలు నేసింది, రోజుకొకటే. నూలు ముప్పై రోజులు రాదని తెలుసు, కాని ఆశకు లెక్కలు రావు.

నాలుగోరోజు పొద్దున్నే ఫోను టింగుమంది. గుర్నాథం రాశాడు: "నాగలింగం గారి కోసం మౌనం పాటిస్తున్న సభ్యులందరికీ ధన్యవాదాలు." దాని కింద ఒకరు, "నేనూ పాటిస్తున్నాను." ఇంకొకరు, "మా కుటుంబం మొత్తం పాటిస్తోంది." మధ్యాహ్నానికి రెండువందల పన్నెండు మంది తాము మౌనంగా ఉన్నట్టు రాశారు. కొందరు అప్పుడే రెండోసారి కూడా.

చౌడమ్మ గోడ మీది నుంచి చూసి తల దించుకుంది. "నేనూ రాశా వదినా. అందరూ రాస్తంటే నేనొక్కదాన్నే రాయకపోతే, నేను పాటించట్లేదనుకుంటారు గదా."

ఇక మిగిలింది మొదటి మార్గం. పూర్ణమ్మ ఐదో తరగతి దాకా చదివింది. ఫోను పట్టుకుని మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఒక్కో అక్షరం వెతికి నొక్కింది. ఒత్తు కోసం వెతికేసరికి అన్నం మాడింది. చివరికి రెండు మాటలయ్యాయి. నాగలింగం పేరు మీద, నాగలింగం ఫోనులోంచి కలబోతలోకి వెళ్ళాయి.

"నేను చనిపోయాను."

కింద ఉన్న మీట నొక్కితేగాని పోదు కాబట్టి "మళ్ళీ వస్తాను" కూడా నొక్కింది. నొక్కుతూ కళ్ళు మూసుకుంది.

ఇక ఆ ఫోను ఆగలేదు. బల్లిలా కిటికీ గూట్లో వణుకుతూ జరుగుతూ పోయింది. "ప్రెసిడెంటు గారు ఎట్టకేలకు సభ్యులతో మాట్లాడారు," అని ఒకరు. "ఇంత పెద్ద పదవిలో ఉండి ఇంత నిరాడంబరత మేం చూడలేదు," అని గుర్నాథం. "కష్టకాలంలో మీ వెంటే ఉన్నాం సార్, ధైర్యంగా ఉండండి," అని ఇంకొకరు. "క్లుప్తంగా చెప్పినా సూటిగా చెప్పారు. పాత ప్రెసిడెంటు గారు నేర్చుకోవాలి," అని ఎవరో రాస్తే గుర్నాథం దానికీ చేతులు జోడించాడు. పొద్దు కుంగేలోగా మార్కులు నాలుగువేలు దాటాయి.

పూర్ణమ్మ కార్యదర్శిని అడిగించింది, స్వయంగా తెలియజేశారు కదా, ఇప్పుడు పేరు మారుస్తారా అని. జవాబు చౌడమ్మ మొగుడి చేత వచ్చింది. తెలియజేసిన సభ్యుడు తెలియజేసే స్థితిలో ఉన్నట్టు యంత్రం నమోదు చేసుకుంది. చనిపోయానని చెప్పడం చురుకుదనానికి సూచన. అభ్యర్థన తిరస్కరించడమైనది.

పదిరోజుల తర్వాత జిల్లా నుంచి భాగస్వామ్య వికాసాధికారి పరంజ్యోతి గారు వస్తున్నారని తెలిసింది. పొగడలపాడు సంఘానికి ఆదర్శ వేదిక బిరుదు వచ్చింది. ప్రెసిడెంటు సభకు రాలేని పరిస్థితిలో ఉంటే సభే ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాలని ఒక నిబంధన ఉంది. కాబట్టి సభ పూర్ణమ్మ ఇంట్లోనే.

ఆరోజు భోజనాలవేళకు ఆమె చివరి కండె, ఆ సగం చుట్టినది, నాడెలో పెట్టింది. బెత్తెడు నేసింది. నాడె ఒకవైపు నుంచి వెళ్ళి రెండోవైపుకు చేరేసరికి వెనకాల పోగు రాలేదు. మగ్గం ఆగింది. పచ్చటి చీర నేత మధ్యలో, పైట దగ్గర ఆగింది. పడుగు ముందుకు చాచుకుని ఖాళీగా ఉంది. మునివేళ్ళతో మీటి చూసింది. అంచు దగ్గర ఒక పోగు టప్పున తెగింది.

అప్పుడే జనం వచ్చారు. ఇంట్లో పట్టినంతమంది లోపల, మిగిలినవాళ్ళు గుమ్మం బయట. తలుపు దగ్గర చౌడమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. మగ్గం ముందు నాగలింగం కూర్చునే పీట మీద కొత్త తువ్వాలు పరిచి, దాని మీద ఫోను నిలబెట్టి, శాలువా కప్పారు. పరంజ్యోతి గారు ఫోనుకు నమస్కరించి కుర్చీలో కూర్చున్నారు.

"సభ ప్రారంభానికి అధ్యక్షుల వారి సమ్మతి," అన్నారు కార్యదర్శి. తన ఫోనులో ఏదో నొక్కారు. శాలువా కింద టింగుమంది. అందరూ పూర్ణమ్మ వైపు చూశారు. "అమ్మా, ఆ నంబరు కాస్త చదవండి."

పూర్ణమ్మ శాలువా ఎత్తి చదివింది. "నాలుగు, సున్నా, ఏడు, ఒకటి."

"అధ్యక్షుల వారు సమ్మతించారు," అని కార్యదర్శి రాసుకున్నారు.

పరంజ్యోతి గారు లేచారు. "సోదర సభ్యులారా. భాగస్వామ్యం అనేది కేవలం భౌతిక ఉనికికి పరిమితమైన అంశం కాదని మన శాఖ ఎంతోకాలంగా విశ్వసిస్తోంది. దాన్ని ఆచరణలో నిరూపించిన మహనీయులు మీ అధ్యక్షులు. ఆయనకు ఇంతవరకు ఒక్క ప్రతికూల అభిప్రాయం రాలేదు. ఎవరితోనూ వాదించలేదు. సెలవు కోరలేదు, ప్రయాణ భత్యం కోరలేదు. మన జిల్లాలోని అధ్యక్షులందరూ ఈ స్థితికి చేరుకోవాలని నా ఆకాంక్ష."

గుర్నాథం చప్పట్లు కొట్టి, ఒక్క క్షణం ఆలోచించి ఆపాడు.

మొదటి తీర్మానం, ఆదర్శ వేదిక బిరుదు స్వీకరించడం. టింగుమంది. పూర్ణమ్మ చదివింది. అధ్యక్షులు సమ్మతించారు. రెండో తీర్మానం, ప్రతి సభ్యుడూ రోజుకు మూడుసార్లు తప్పక రాయడం. టింగుమంది. చదివింది. సమ్మతించారు. మూడో తీర్మానం, జిల్లా సమాఖ్య ప్రెసిడెంటు పదవికి నాగలింగం గారి పేరు పంపడం. వచ్చే సోమవారం శిక్షణ తరగతులకు ఫోనును తీసుకువెళ్ళడానికి కారు వస్తుంది, ఛార్జరు వాళ్ళే తెచ్చుకుంటారు.

మూడో తీర్మానం నంబరు చదివాక పూర్ణమ్మ శాలువా వదల్లేదు.

"అయ్యా, ఒక మాట."

"చెప్పమ్మా, ఇది మాట్లాడే వేదికే," అన్నారు పరంజ్యోతి గారు సంతోషంగా.

"నాకు నూలు కావాల. మగ్గం ఆగిపోయింది. ఇందాక ఒక పోగు తెగింది కూడా."

అధికారి కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి ఆయన చెవిలో ఏదో చెప్పారు.

"విషయం నా దృష్టికి వచ్చింది. సానుభూతితో పరిశీలించాను. అధ్యక్షుల కుటుంబం కావడం వల్ల ఇవ్వలేం. ఆయన తప్పుకుంటేగాని మీరు సభ్యులు కాలేరు, ఆయన తప్పుకోలేనంత మన్నన సభ్యులే ఇచ్చారు. ప్రత్యేక అనుమతికి ఆయన స్వయంగా సమ్మతించాలి."

"ఇందాకటి నుంచీ సమ్మతిస్తా ఉంది ఆయనే గదయ్యా?"

"నిస్సందేహంగా."

"నంబర్లు చదివింది నేను."

"అది సభ పని కోసం, అమ్మా. సభ పనిలో మీరు ఆయన గొంతు. సొంత పనిలో మీరు మీరే. ఆ తేడా సూక్ష్మం," అని పరంజ్యోతి గారు వేలు ఎత్తి చూపించారు, ఆ తేడా గాలిలో ఉన్నట్టు.

పూర్ణమ్మ ఆ వేలికేసి చూసింది. తర్వాత ఆగిన మగ్గం కేసి, తెగి వేలాడుతున్న పోగుకేసి చూసింది.

"ఇక సభ ముగింపు," అన్నారు కార్యదర్శి. "సభ్యులకు జ్ఞాపకం చేస్తున్నా. అధ్యక్షుల వారి సమ్మతి నమోదయ్యేదాకా ఎవరూ స్థానం వదిలి వెళ్ళకూడదు. వెళితే వంద మార్కుల కోత."

"అధికారులకు కూడానా?" అడిగారు పరంజ్యోతి గారు.

"మీరే ఇచ్చిన ఉత్తర్వు సార్."

"మంచి ఉత్తర్వు. అయిదింటికి నాకు ఇంకో ఊళ్ళో సభ ఉంది. కానివ్వండి."

కార్యదర్శి మీట నొక్కడానికి వేలు చాచారు.

పూర్ణమ్మ శాలువా తీసింది. నాలుగు మడతలు పెట్టి పీట మీద పెట్టింది. తెగిన పోగు రెండు కొసలూ పట్టుకుని, బొటనవేలితో మెలితిప్పి అతికింది. తువ్వాలు మీది ఫోను తీసి బొడ్డులో దోపుకుంది. మేకుకున్న ఖాళీ నూలు సంచి దించి చంకలో పెట్టుకుంది. ఏకాంబరం పగలంతా గోడౌనులోనే ఉంటాడు.

ఆమె బొడ్డులో టింగుమంది.

"అమ్మా, నంబరు," అన్నారు కార్యదర్శి.

ఆమె మనుషుల మధ్య నుంచి దారి చేసుకుంటూ గుమ్మం వైపు నడుస్తోంది. కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. లేచే ధైర్యం ఎవరికీ లేదు. పరంజ్యోతి గారు సగం లేచి, గుర్తొచ్చి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

"పూర్ణమ్మ గారూ," అని గుర్నాథం వెనక నుంచి కేకేశాడు. "వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళండి. మార్కు పడుద్ది."

చౌడమ్మ గుమ్మానికి అడ్డంగా చాచిన కాళ్ళు దగ్గరికి తీసుకుని, తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది. నలభై రోజుల పైన ఈ ఇంటికి ఎంతమంది వచ్చారో, ఎంతమంది ఎలా వెళ్ళారో చూసిన గుమ్మం అది.

పూర్ణమ్మ సంచి సర్దుకుని, గడప దాటి, చెప్పకుండా వెళ్ళిపోయింది.